తలమీది బోనం

“...మనకెందుకే గా లొల్లి? రామ్‌చందర్ అన్న గుడి కమిటీకి పెద్ద. గుడి పక్క గది ఎవరికిస్తడో ఆయనిష్టం!” అన్నాడు పుష్పమ్మ భర్త పెంటయ్య, బర్రెలకు దాణా కలుపుతూ.

“మరి బాలమ్మ యాడికి పోతదయ్యా?” పుష్పమ్మ బోనం కుండకు పసుపు రాస్తోంది.

“రేపు ఆశ్రమానికి పంపుతరంట. నువ్వు పోయి అడుగుతవా ఏంది? పాలల్ల నీళ్లున్నయంటెనే నోరు తెరవవు!”

ఆ మాట నిజమే. శాలిబండ వెనక గల్లీల్లో ఇరవై ఆరేళ్లుగా పాలు పోస్తోంది పుష్పమ్మ. ఎవరు కసిరినా తల వంచుకుని పక్కింటికి నడుస్తుంది.

బాలమ్మకు నా అన్నవాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లుగా మైసమ్మ గుడి కడుగుతూ, పక్కనే ఉన్న చిన్న గదిలో ఉంటోంది. డీజే డబ్బాలు పెట్టుకోవడానికని నాలుగు రోజుల కిందట ఆ గదికి తాళం వేయించాడు రామ్‌చందర్. అప్పటి నుంచి మూట పక్కన పెట్టుకుని గుడి అరుగు మీదే కూర్చుంటోంది.

పుష్పమ్మ కొత్త కోడలిగా తొలిసారి బోనం ఎత్తినప్పుడు మెడ వణికింది. పక్కన నడిచింది బాలమ్మే. “గిది నీ బరువు కాదు బిడ్డా, అమ్మ బరువు. ఆమెనే మోసుకుంటది. నువ్వు నడువు” అంది. పుష్పమ్మ ఆ మాటను నమ్మింది. బోనం తలమీద ఉన్నంతసేపూ ఆమెకు భయం ఉండదు. పోతరాజు కొరడా చెవి పక్కనే చెళ్లుమన్నా అడుగు తడబడదు. కుండ దించాకే పాత భయాలన్నీ తిరిగొస్తాయి.

ఎత్తిన బోనాన్ని దారిలో ఎక్కడా దించరు. ఆ గల్లీలో ముందుగా పుష్పమ్మ అత్తగారింటి బోనం అమ్మవారి ముందు దిగాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

మధ్యాహ్నం డప్పులతో అందరూ గుడి దగ్గరికి వచ్చారు. దారి ఇవ్వడానికి బాలమ్మ మూట తీసుకుని గోడ వారకు జరిగింది. పుష్పమ్మ అది చూసింది. గుడి మెట్లెక్కకుండా పోయి, తాళం వేసిన గది ముందు నిలబడింది.

వెనక నలభై బోనాలు ఆగిపోయాయి. డప్పులు ఒక్కొక్కటే ఆగాయి.

“ఏంది వదినె, దారి మర్శినవా? గుడి గిటు!” అన్నాడు రామ్‌చందర్. ఎవరో నవ్వారు.

“నడువే, మంది ఎండల నిలబడ్డరు” పెంటయ్య గొణిగాడు.

పుష్పమ్మ చేయెత్తి కుండను తాకింది. పైన దీపం నిలకడగా వెలుగుతోంది. మెడ వణకడం లేదు.

“రామ్‌చందరన్నా, గా తాళం తీసి బాలమ్మను లోపలికి పంపు. గప్పటిదాంక నేను బోనం దించ.”