పన్నెండో అర

కాపువా నగరంలో తోలుపని చేసే నోవెల్లా మహా మొండిది. రెండు పనిముట్లు ఒకే అరలో ఇరికించే సంచి కుట్టమంటే ససేమిరా అనేది.

"ఉలికో ఇల్లు, ఆకురాయికో ఇల్లా? ఇహ వాటికి పెళ్ళిళ్ళు కూడా నువ్వే చేసేట్టున్నావు తల్లీ!" అని వడ్రంగి ఫుస్కస్ ఎగతాళి చేసేవాడు.

"అర ఖాళీగా కనబడితే, ఏది పోయిందో నీకే తెలుస్తుంది," అనేది. అంతకుమించి నోరు విప్పేది కాదు.

ఒకప్పుడు ఆమెకు ఆ పట్టింపు లేదు. శస్త్రవైద్యుడు హెర్మియాస్ తన కత్తులకూ పట్టకార్లకూ చుట్టి కట్టుకునే తోలుసంచి కుట్టమన్నప్పుడు, పుండు లోతు చూసే కంచుపుల్లలు పన్నెండింటికీ కలిపి ఒకే జేబు పెట్టేసింది. పన్నెండు అరలు కుట్టే ఓపిక లేక చేసిన పని అది. ఆయనా అదేమని అడగలేదు.

ఆ ఏడే పందివేటలో ఆమె అన్న కార్పస్ తొడలో బల్లెం ముక్క విరిగింది. హెర్మియాస్ వచ్చి ముక్క లాగాడు, కట్టు కట్టాడు, పుల్లల్ని గుప్పిట పట్టి సంచిలోని ఆ ఒక్క జేబులో దోపుకుని వెళ్ళిపోయాడు. గాయం చీము పట్టింది.

"లోపలేదో గుచ్చుతోందే చెల్లీ," అని కార్పస్ పదిరోజులూ మూలుగుతూనే ఉన్నాడు.

"పుండన్నాక గుచ్చదా మరి? కాస్త ఓర్చుకో," అని ఆమె కసిరింది. పదకొండో రోజున అతను పోయాడు.

చితి ఆరాక ఎముకలు ఏరి ఆచారం ప్రకారం ద్రాక్షసారాతో కడుగుతుంటే, తొడ ఎముక పక్కన నల్లబడి వంగిపోయిన కంచుపుల్ల ఆమె చేతికి తగిలింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ జేబు కుట్టిందెవరని అడుగుతారని భయపడింది. అన్న గొంతు మాత్రం ఆమెను వదల్లేదు. తోలులో సూది దించిన ప్రతిసారీ, గుచ్చుతోందే చెల్లీ అని వినబడేది.

ఏడేళ్ళ తర్వాత, పాత సంచి చిరిగిందని హెర్మియాస్ మళ్ళీ వచ్చాడు.

"పుల్లలకు పదకొండు అరలు చాలమ్మా. ఒకటి ఎక్కడో పారేసుకున్నాను," అన్నాడు.

నోవెల్లా పన్నెండు కుట్టింది. సంచి విప్పి చూసుకుంటున్న వైద్యుడు చివరి అరలోంచి వంకరపుల్లను బయటికి లాగాడు.

"ఇదెక్కడ దొరికింది?"

"మా అన్న తొడలో."

అతని మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "నాకు... నాకెవరూ చెప్పలేదమ్మా!"

నోవెల్లా ఆ పుల్లను అతని చేతిలోంచి తీసుకుని మళ్ళీ అరలో దోపింది.

"చెప్పాడయ్యా మా అన్న. పదిరోజులూ చెప్పాడు. విన్నదాన్ని నేనే."