ముల్లు వణికేదాకా ఆగమన్న మనిషి

నిన్న పొద్దున మత్తిగిరిలో ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. నాకు పని నేర్పిన మా పెద్దసారు పోయారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. తళి దగ్గర వాళ్ల ఊరికి పోతే, ఆయన చుట్టం ఒకాయన నా చెవి దగ్గరికి వంగి అడిగాడు: "ఆ రేడియేషన్ పని చేసినాడు కదప్పా, దానివల్లేనా?" కాదన్నాను. డాక్టరు చెప్పిందీ అదే. అయినా ఆ మాట నాలో నేను ఇంకోసారి చెప్పుకున్నాను.

ఇనుము కరిగించి అచ్చుల్లో పోసిన భాగాల లోపల పగుళ్లున్నాయేమో గామా కిరణాలతో ఫొటో తీసి చూసే పని మాది. కిరణాలిచ్చే సోర్సు వేలి గోరంత కూడా ఉండదు. బయట నిలబడి హ్యాండిల్ తిప్పితే బరువైన పెట్టెలోంచి గొట్టం గుండా ఫొటో తీసే గదిలోకి పోతుంది, తిరిగి తిప్పితే పెట్టెలోకి వస్తుంది. దాని కిరణాలు కంటికి కనపడవు, ఒంటికి వేడిగా తగలవు. అనంతపురం నుంచి వచ్చిన కొత్తలో దాని పేరెత్తితేనే నాకు చెమటలు పట్టేవి.

ఆయన ముందు మాటలు నేర్పి, ఆ తర్వాతే కిరణాలు కొలిచే మీటరు ముట్టనిచ్చేవారు. "వాన ఎంత జోరుగా పడతా ఉండాదో అది డోసు రేటు. నువ్వు ఎంత తడిసినావో అది డోసు. రేటు మీటరు చెప్తాది, డోసు నీ ఎదమీది బ్యాడ్జి చెప్తాది."

ఇంకో అలవాటుండేది. గేటు పక్కన కృష్ణగిరి గ్రానైటు పలక ఒకటి పడి ఉంది. మీటరు వేసి దాని దగ్గర పెట్టి, ముల్లు వణికేదాకా ఆగేవారు. "రాతిలో, మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఇంత ఉంటాది. బ్యాక్‌గ్రౌండ్ అంటారు. ముల్లు సున్నా మీద కదలకుండా ఉండాదంటే ఆడ ఏమీ లేదని కాదు, మీటరు చచ్చిందని. అప్పుడు భయపడప్పా."

ఒక మధ్యాహ్నం తొందరలో నేను పలక దగ్గరికి పోలేదు. హ్యాండిల్ తిప్పి, సోర్సు పెట్టెలోకి వచ్చేసిందనుకున్నాను. మీటరు సున్నా చూపిస్తోంది, హాయిగా లోపలికి నడిచాను. నిజానికి మీటరు బ్యాటరీ అయిపోయింది. సోర్సు గొట్టంలోనే ఇరుక్కుంది.

"యాడికిరా పోతా ఉండావు!"

నన్ను ఎప్పుడూ రా అనని మనిషి. తన మీటరు ముల్లు ఎగరడం బయటినుంచి చూసి పరుగెత్తుకొచ్చారు. నా కాలరు పట్టి లాగి, నన్ను ముందుకు తోసి, తలుపుదాకా సోర్సుకు అడ్డంగా నా వీపుకు ఆనుకునే నడిచారు. బయటికొచ్చాక హ్యాండిల్ ముందుకూ వెనక్కీ తిప్పి సోర్సును పెట్టెలోకి చేర్చారు. ఆ తర్వాతే నా చేతిలోని మీటరు తీసుకుని బ్యాటరీ చూశారు.

బ్యాడ్జిలు ల్యాబుకు పోయాయి. రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఇంట్లో మూడు నెలల కూతురు, ఎత్తుకోవడానికి భయం. ఆయనకు తెలిసి కోప్పడ్డారు. "ఎండలో నిలబడినోడు ఎండని ఇంటికి మోసుకుపోతాడా? సోర్సు పగల్లేదు, పొడి అంటలేదు. నీకు తగిలింది కిరణం, అంతే. పో, బిడ్డని ఎత్తుకో." ఆ సాయంత్రమే ఎత్తుకున్నాను. ఏడ్చాను కూడా.

రిపోర్టు వచ్చింది. ఇద్దరివీ హద్దులోపలే. కానీ ఆ నెల ఆయనకు సోర్సు డ్యూటీ లేదు. ఆయన పేరు పక్కనున్న ఆ అంకె నావల్ల వచ్చింది. ఆ చుట్టం అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. డోసు చిన్నదే, గుండెకూ దానికీ సంబంధం లేదు. నాకు తెలుసు. అయినా భయం పోలేదు.

గామాకు మనిషి ఒళ్లు పెద్ద అడ్డు కాదని పాఠం చెప్పింది ఆయనే. "మరి నా వెనక ఎందుకు నడిచినారు సార్?" అని ఒకసారి అడిగాను.

"నా కాళ్లు ఆ పాఠం వినలేదప్పా" అని నవ్వేశారు.

ఈ రోజు డ్యూటీకి పోయాను. గ్రానైటు పలక దగ్గర మీటరు పెట్టి ఆగాను. ముల్లు వణికింది. ఫొటో అయ్యాక హ్యాండిల్ పూర్తిగా వెనక్కి తిప్పి, మీటరు ముందుకు చాచి లోపలికి నడిచాను. అంతా సరిగానే ఉంది. నా వెనక మాత్రం ఎవరూ లేరు.