నాగకుమారి తాళం వేసిన గళ్లు

వర్ని దగ్గర మా తూము కింద నీళ్ల వంతులు చూసేది నాగకుమారి. జీతం లేదు, పదవి లేదు, తిట్లు మాత్రం కావలసినన్ని. మామగారు పున్నయ్య ఉన్నన్నాళ్లు ఆయన కాలువ గట్టున నిలబడి ఏ రోజు ఎవరి పొలానికని చెబితే అదే చెల్లేది. ఆయన పోయాక మా మగవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, "నేను చూస్తాలే" అని ఈమె ముందుకొచ్చింది. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. అందుకే ఇంట్లో భర్తతో "ఏమండీ" అంటుంది, గడప దాటితే మాతో "గిట్లెందుకు జేసినవ్" అంటుంది. కోపమొస్తే రెండూ కలిపేస్తుంది.

ఈ యాసంగి పంటకు వంతులన్నీ ఆన్‌లైన్ షీటులో పెట్టింది. బిడ్డ లాస్య నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, ఆ పిల్లే నేర్పింది. ఒక పక్క తారీఖు, దాని పక్క గడిలో ఆ రోజు నీళ్లు పెట్టుకునే రైతు పేరు. లింకు మా వాట్సాప్ గ్రూపులో వేసింది. చూసి ఊరుకుంటే మేం మేమెందుకవుతాం? మనిషి ఏదైనా పంపితే బదులు ఇవ్వకపోవడం మర్యాద కాదు కదా. ఒకాయన గడిలో దండం బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన శుభోదయం చెప్పాడు. రాజేందర్ సరిగ్గా భూమవ్వ పేరు మీద వేలు పెట్టి "ఓకే అక్కా" అని కొట్టి, ఫోన్ జేబులో వేసుకున్నాడు. భూమవ్వ పేరు చెరిగిపోయింది. ఆ రోజు ఎవరి వంతూ లేదనుకుని పైపొలాల వాళ్లు నీళ్లు మలుపుకున్నారు.

భూమవ్వది కాలువ చిట్టచివరి పొలం. మొగుడు లేడు, చేతిలో బటన్ ఫోన్. ఎండిన మట్టిపెడ్డ ఒకటి కొంగులో కట్టుకొచ్చి నాగకుమారి ముందు పెట్టింది.

"ఫోన్ల నా పేరు ఎట్ల పోయింది బిడ్డా? పొలమైతే గాడనే ఉన్నది గదా."

నాగకుమారికి ఆ పూట అన్నం సయించలేదు. తన వంతు నీళ్లు ఆ పొలానికి మలిపి, లాస్యకు ఫోన్ చేసి గళ్లకు తాళం వేయడం నేర్చుకుంది. ఇక అందరూ చూడొచ్చు గానీ, ఎవరి గడి వాళ్ల మెయిల్‌కే తెరుచుకుంటుంది. ఆ మెయిళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగింది పాపం. మాకేం తెలుసు, ఫోన్ కొన్నప్పుడు దుకాణమాయన పెట్టిచ్చిందే మెయిలు. రాజేందర్‌ది వాళ్ల మరదలి పేరుతో ఉందని బయటపడి, ఆ ఇంట్లో వేరే పంచాయితీ నడిచింది. భూమవ్వకు మెయిలే లేదు. ఆమె గడి మాత్రం నాగకుమారి చేతిలో ఉంటుంది, అవ్వ ఏం చెబితే అది రాయడానికి.

షీటు తనదే కాబట్టి ఆమెకు అన్ని గళ్లూ తెరుచుకుంటాయి. అయినా ఇంకొకరి గడి ముట్టనని గ్రూపులో రాసింది. అన్న మాట మీద నిలబడే మనిషి. మా అందరి ప్రాణానికి అదే విసుగు, అదే ధైర్యం.

వరి పొట్ట మీదుండగా ఆమె భర్త ఉమామహేష్‌కు అపెండిక్స్ పగిలింది. నిజామాబాద్‌ ఖలీల్‌వాడి ఆసుపత్రిలో ఆపరేషన్. సరిగ్గా ఆ రోజే వీళ్ల వంతు. ఇదివరకైతే ఎవరో ఒకరు వెళ్లి మడి తెరిచేవాళ్లు. ఇప్పుడు గడికి తాళముంది, వేరేవాళ్ల వంతులో చెయ్యి పెట్టగూడదేమోనని మా వాళ్లు దూరం నుంచే చూశారు. నీళ్లు వాగు పాలయ్యాయి. మళ్లీ వంతు వచ్చేదాకా ఆగితే ఆ వరికి మిగిలేది తాలే.

మంచం మీద ఉమామహేష్ ఒకటే గొణుగుడు. "ఫోన్ నీ చేతిలోనే ఉందిగా. ఒక్క రోజు మార్చెయ్యవే."

"నేనే మారిస్తే ఇక ఆ తాళమెందుకండీ?" అని అటు తిరిగి కళ్లు తుడుచుకుందట. లాస్య చెప్పింది.

ఇక్కడ ఊళ్లో రాజేందర్ ఆగలేకపోయాడు. నాగకుమారి పేరు ఎక్కడైనా రాద్దామని చూస్తే ఏ గడీ తెరుచుకోలేదు, తనది తప్ప. మర్నాటి వంతు తనదే. తన పేరు కొట్టేసి "నాగక్క పొలం" అని రాసి ఫోన్ చేశాడు.

"రేపు నీ మడిల నీళ్లు నేనే పెడ్త అక్కా. నువ్వు బావను జూస్కో."

అది చూసి తర్వాతి వంతువాళ్లూ రాశారు. సాయంత్రానికి షీటు నిండా నాగక్క పొలమే. ఆమె ఆసుపత్రి వరండాలో ఏడ్చింది, నవ్వింది, "ఒక్క తడి చాలు, పొలం గిట్ల ముంచుతరా మీరు?" అని గ్రూపులో తిట్టింది. ఆ తిట్టు చదివి మాకు ప్రాణం లేచొచ్చింది. రాజేందర్ తప్ప మిగతావాళ్లం మళ్లీ మా పేర్లు రాసుకున్నాం.

అప్పుడు భూమవ్వ ఫోన్ చేసింది. "నా వంతు గూడ నీకే బిడ్డా. నా గడిల నీ పేరు రాయ్."

వద్దంటే అవ్వ ఊరుకోదు. చివరి పొలం, ఆ నీళ్లు పోతే మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు.

"రాసిన అవ్వా," అన్నది నాగకుమారి.

రాయలేదు. షీటు మేమంతా చూస్తూనే ఉన్నాం, భూమవ్వ పేరు అలాగే ఉంది. అవ్వకు మాత్రం ఎవరమూ చెప్పలేదు. ఆ వంతు రోజున నాగకుమారి పొద్దున్నే నిజామాబాద్ నుంచి బస్సు దిగి, ఇంటికైనా పోకుండా, సంచీ గట్టు మీద పెట్టి భూమవ్వ మడి తెరిచింది. పొలంలో ఉన్న భూమవ్వ నీళ్లు కాళ్లకు తగిలి ఆశ్చర్యపోయింది.

"నీ పేరు రాసిన అన్నవ్ గదనే?"

"ఫోన్ల ఏమో అయిందవ్వా."

భూమవ్వ నమ్మినట్టే తలూపి, "నీ పెనిమిటి గంజి తాగుతున్నడా?" అని అడిగి, పారుతున్న నీళ్లలోనే నిలబడి ఆమెను దగ్గరికి తీసుకుంది.