చిన్నాన్న తీసిన పుట్టగొడుగుల ఫోటోలు

సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటు వెనక కొట్టేసిన కొబ్బరి మొద్దుకి ఈ వానల్లో పుట్టగొడుగులు లేచాయి. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం దిగితే ఆ వాసన తగిలింది, నానిన చెక్కదీ తడిమట్టిదీ కలిసిన పచ్చి వాసన. పక్కింటావిడ వంగి ఫోనుతో ఫోటోలు తీసుకుంటోంది. నన్నూ చూడమని పిలిచింది గాని ఆగకుండా వచ్చేశాను. పుట్టగొడుగు ముందు ఎవరైనా కెమెరా పట్టుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నా చిన్నప్పుడు మేం గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. నాన్నకి ఫ్యాక్టరీలో షిఫ్టులు, సెలవు దొరికితే నిద్ర. అమ్మకి చంటి కవలలతోనే సరిపోయేది. అందుకని నా ఆదివారాలన్నీ చిన్నాన్నవి. నాన్నకి తమ్ముడు, పెళ్ళికాలేదింకా, ఏ ఉద్యోగంలోనూ నిలిచేవాడు కాదు గాని అతను నవ్వితే ఇల్లంతా నవ్వేది. మెడలో ఎప్పుడూ తోలు సంచీ, అందులో కెమెరా. ఆషాఢంలో ఉరుములు మొదలయ్యాక నన్ను బస్సెక్కించి, ఊళ్ళు దాటించి, కొండవాలు జీడితోటల్లోకి నడిపించుకు వెళ్ళేవాడు.

రాత్రంతా ఉరిమి తెల్లారిన పొద్దుల్లో, జీడాకుల మీంచి చినుకులు మెడలో పడుతుంటే, చెప్పులు చేత పట్టుకుని, ఎర్రమట్టిలో జారుతూ లేస్తూ, చెదపుట్టల చుట్టూ మేము వెతికిన ఆ తెల్లటి గొడుగుల్ని నేనెన్నటికీ మరిచిపోలేను. కొన్ని చొక్కా గుండీలంత, కొన్ని నా అరచేతికన్నా పెద్దవి, కొన్ని ఎండు కొమ్మలకి చెవుల్లా అతుక్కున్నవి, వెదురు పొద దగ్గర ఒక్కసారే కనబడిన, జల్లెడలాంటి ముసుగు వేసుకున్నది ఒకటి. ఆ తోట ఒక ముసలమ్మది. జీడితోట మామ్మ అనేవాళ్ళం. భర్త పోయాక ఒక్కతే, తాటాకు పాకలో ఉండేది. ఏవి తినొచ్చో ఏరి, ఆవ పెట్టి కూర వండి, చోడంబలితో, అదే రాగి అంబలితో పాటు నా ముందు పెట్టేది. "తినే గుంటా, సిక్కిపోయినావు" అంటూ తడిసిన నా జుట్టు తన కొంగుతో తుడిచేది.

ఫోటోలు మాత్రం చిన్నాన్నే తీసేవాడు. ఎప్పుడూ ఒకటే పద్ధతి.

"ఒలే, నువ్వు పక్కన నిలబడు. అదెంత సైజో తెలవాల గదా!"

నేను రెప్ప వెయ్యకుండా నిలబడేదాన్ని. అతను వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి, కెమెరా కాస్త పైకెత్తి నొక్కేవాడు. చెట్ల కింద కన్నా, చెట్లు లేని రాతినేల మీద, సరిహద్దు రాయి పక్కన వెలుతురు బాగుంటుందనేవాడు. అక్కడ పుట్టగొడుగు లేకపోతే ఒకటి పీకి తెచ్చి నా కాళ్ళ దగ్గర గుచ్చేవాడు. ఫోటోలేవని అడిగితే, "స్టూడియోవోడు ఇంకా కడగనేదే, వానలకి ఆరవంట" అనేవాడు. పుట్టగొడుగులతో నా ఫోటోలొస్తాయని నేను క్లాసంతా చెప్పుకున్నాను.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఆదివారం నేనే మారాం చేసి అతని వెంట పడ్డాను. వెళ్ళేసరికి తోట లేదు. చెట్లు లేవు, మొదళ్ళు కూడా లేవు. యంత్రంతో దున్నిన ఎర్రమట్టి. పాక ఉన్నచోట జీపు, దాని చుట్టూ ఆ నేల ఎవరి సాగులో ఉందో తేల్చడానికి వచ్చిన ఆఫీసర్లు, అక్కడ ఇళ్ళ ప్లాట్లు వెయ్యబోతున్న తెల్లచొక్కా లేఅవుట్ ఆసామి. మామ్మ నేల మీద కూర్చుని ఉంది. చిన్నాన్న ఆ ఆసామిని "బావా" అని పలకరించి, సంచీలోంచి ఫోటోలు తీసి జీపు బానెట్ మీద పరిచాడు.

నా ఫోటోలు! పరుగెత్తుకెళ్ళి మునివేళ్ళ మీద లేచి చూశాను. అన్నిట్లోనూ నేనున్నాను. మోకాళ్ళ దగ్గరికి తెగిపోయి ఉన్నాను. నా కాళ్ళ దగ్గరి పుట్టగొడుగు ఒక్కదాంట్లోనూ లేదు. నా వెనక రాతినేల, సరిహద్దు రాయి, ఆకాశం.

"సూడండి సార్, ఈ వానాకాలంలో తీసినవే. చెట్టేటి, సాగేటి? ఖాళీ జాగా. పిల్లలాడుకుంతన్నారు" అన్నాడు ఆసామి.

మామ్మ చెయ్యెత్తి నన్ను చూపించింది. "ఆ గుంటనడగండి బాబూ. దానికి తెలుసు. నా తోటలోనే తిరిగింది."

"చెట్లున్నాయి! చాలా ఉన్నాయి! మామ్మ అక్కడే నాకు కూర వండి పెట్టింది!" అని అరిచాను.

చిన్నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. నవ్వాడు. మా ఇంటిని నవ్వించే ఆ నవ్వే.

"దీనికి కతలెక్కువ సార్."

అందరూ నవ్వారు. మామ్మ నవ్వుతున్న వాళ్ళని చూడలేదు, నన్నే చూసింది. నేనూ అతని మనిషిననే అనుకుందో, లేక నన్ను నమ్మిందో, ఆ చూపులో ఏముందో ఇన్నేళ్ళలో తేల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చి నాన్నకి ఏడుస్తూ అంతా చెప్పాను. నాన్న గోడవైపు తిరిగి పడుకుని, "పెద్దోళ్ళ ఇసయాలు నీకెందుకే" అన్నాడు. చిన్నాన్న స్కూటర్ కొన్నాడు, నాకు జరీ గౌను తెచ్చాడు. నేనది తొడుక్కోలేదు. నా మీద అలిగి, కవలల్నే తిప్పడం మొదలుపెట్టాడు. ఏడాది తిరక్కుండా ఆ లేఅవుట్‌లో మాకూ ఒక ప్లాటు వచ్చింది. నాన్న దాన్ని నా పేరనే రాయించాడట. ఆ సంగతి నాకు పెళ్ళి మాటలప్పుడు గాని తెలియనివ్వలేదు.

పోయినవారం ఆ ప్లాటు అమ్మేద్దామని, లేఅవుట్ అయ్యాక మొదటిసారి అక్కడికి వెళ్ళాను. కొండని సగానికి తొలిచేశారు. వీధుల నిండా సిమెంటు, కాళ్ళకి అంటుకునే ఎర్రమట్టి లేదు. చెదపుట్టలు లేవు, వెదురు పొద లేదు, ఒక్క జీడిచెట్టూ లేదు. వానకి తడిసి కూడా ఆ నేల ఏ వాసనా వెయ్యలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎవులి ప్లాటమ్మా?"

నాది కాదని చెప్పాలనుకున్నాను. అసలు మనిషి పేరు చెప్పాలనుకున్నాను. ఆవిడ చేతి కూర అన్నిసార్లు తిన్నాను గాని, ఆవిడ పేరేమిటని ఏనాడూ నేనడగలేదు, నాకెవరూ చెప్పలేదు. అతను గొడుగు నా మీదికి వంచి, జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు.