కారు కింద అత్తయ్య పాదం

అత్తయ్య పోయిందని తెనాలి నుంచి ఆవిడ ఎదురింటి బాబాయిగారు ఫోన్ చేసేసరికి నేను బాపట్లలో, కాలేజీ లైబ్రరీలో, పిల్లలు తిరిగిచ్చిన పుస్తకాలు అరల్లో సర్దుతున్నాను. పొద్దున కాఫీ తాగి కాసేపు నడుం వాల్చిందట. మళ్ళీ లేవలేదట. చేతిలో ఉన్న పుస్తకం ఏ అరలో పెట్టానో ఇప్పటికీ తెలీదు.

ఆవిడ మా నాన్నగారి అక్క. హిందీ టీచరుగా రిటైరైంది. మామయ్య పోయాక తెనాలి ఇంట్లో ఒక్కతే ఉండేది. రేపల్లెలో కాన్వెంటు చదువు అయ్యాక డిగ్రీ కోసం ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అడిగితే తప్ప మాట్లాడకూడదన్నది కాన్వెంటులో బాగా నేర్చుకున్నాను. అడిగినా మాట్లాడేదాన్ని కాదని అత్తయ్య అనేది.

ఆ ఇల్లు ఇరుకు. రోడ్డుకి సిమెంటు పోసినప్పుడల్లా ఇల్లు ఇంకాస్త కిందికి దిగినట్టుండేది. గేటుకీ వరండాకీ మధ్య ఉన్న జాగా అంతా మామయ్య పాత కారే. దానికి అటూ ఇటూ గోడల వరకూ ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. మామయ్య పోయిన కొత్తలో ఎక్కడికి వెళ్ళాలన్నా రేపల్లె నుంచి నాన్నగారు వచ్చి తీసుకెళ్ళాలి. చీర కట్టుకుని, ఆయన కోసం వరండాలో కూర్చుని కూర్చుని విసిగిపోయి, అత్తయ్య డ్రైవింగ్ నేర్చుకుంది. చక్రం విప్పడానికి మళ్ళీ ఇంకొకరి కోసం కూర్చోవడమేంటని చక్రాల జాకీ, రెండు ఇనప స్టాండ్లు కొనుక్కుంది.

ఆదివారం పొద్దున చక్రాలు విప్పి చూసుకోవడానికి కుచ్చిళ్ళు ఎగదోపి పనిలో దిగేది. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, జాకీ కింద చెక్క వేసేది. కారు లేస్తుండగానే, జాకీ జారినా నేలకి దిగిపోకుండా, స్టెప్నీని పడుకోబెట్టి కిందికి తోసేది. ఆ తర్వాత స్టాండ్లు. అన్నీ అయ్యాక కారుని తుంటితో ఒక్క తోపు తోసి చూసేది. "జాకీ ఎత్తుతుందే, మొయ్యదు" అనేది నాతో. నేను వరండా మెట్టు మీద, పేజీలో వేలు పెట్టుకుని, ఇటుకలు అందించేదాన్ని. కారుకి కూడా డ్రిల్లు చేయిస్తున్నారా టీచర్ గారూ అని ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గర నుంచి ఆటపట్టిస్తే, మీ ఆయనకంటే చెప్పిన మాట వింటుందండి అని తల ఎత్తకుండానే జవాబిచ్చేది.

ముసురు పట్టి వదిలిన ఒక ఆదివారం. మాది నల్లరేగడి నేల. పైన పరిచిన నాపరాళ్ళు గట్టిగానే కనిపిస్తాయి, అడుగున మట్టి నానిపోయి ఉంటుంది. అత్తయ్య చెక్క వేసింది కానీ, చెక్క కింద రాయే విరిగింది. అప్పుడు ఆవిడ పక్క సందులో నిలబడి స్టెప్నీని కాలితో లోపలికి తోస్తోంది. జాకీ ఒరిగింది. కారు ఒక్కసారిగా కిందికొచ్చి స్టెప్నీ మీద కూర్చుంది. స్టెప్నీ టైరు అంచు కింద అత్తయ్య పాదం.

ఆవిడ అరవలేదు. గోడకి జారబడి కూర్చుంది. మొహంలో రక్తం లేదు.

చప్పుడు విని ఎదురింటి బాబాయిగారు, ఆయనతో ఇంకో ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. మంచివాళ్ళు. రాగానే నలుగురూ ముందు బంపరు పట్టుకున్నారు. ఒక్క ఊపులో లేపేద్దాం అంటున్నారు.

అత్తయ్య నన్ను చూసింది. గొంతు చాలా సన్నగా వచ్చింది. "చేత్తో లేపితే చేత్తోనే వదిలేస్తారే. ఆపు వాళ్ళని."

రెండో పక్క సందులోంచి ముందుకి వచ్చాను. నోరు తెరిచాను. మాట రాలేదు. బంపరు కదలడం కనిపించింది.

"ఎత్తొద్దండి" అన్నాను.

"అదేంటమ్మా, అక్కడ కాలు నలిగిపోతుంటే?" అన్నారు బాబాయిగారు.

"జాకీతో ఎత్తుతాను. మీరు వెనక చక్రాల ఇటుకలు జరిగాయేమో చూడండి."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, చేతులు తీసి వెనక్కి వెళ్ళారు. మిగతావాళ్ళూ వదిలారు. జాకీని దించి బయటికి లాగి, విరగని రాయి మీదికి చెక్క జరిపాను. జాకీని దాని మీదికి తోసి కాడ అందుకున్నాను. గోడ పక్క నుంచి అత్తయ్య అంది: "తొందరేం లేదు. నా కాలు ఎక్కడికీ పోదు."

కాడ కొట్టాను. కారు బొటనవేలంత లేచింది. లాగెయ్యండి టీచర్ గారూ అని అందరూ ఒక్కసారే అన్నారు. ఆవిడ కదల్లేదు. ఇంకా పైకెత్తి నేను స్టాండు పెట్టేదాకా పాదం అక్కడే ఉంచింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని బయటికి తీసుకుంది. టైరు గీతలు పాదం మీద అచ్చు పడి ఉన్నాయి.

రెండు వేళ్ళు విరిగాయి. బొటనవేలు వంకరగానే మానింది. నాపరాళ్ళు తీయించి జాగా అంతా కాంక్రీటు పోయించింది. నన్ను ఒక్క మాట మెచ్చుకోలేదు. కాంక్రీటు ఆరాక వచ్చిన ఆదివారం, కట్టుతో ఉన్న కాలు చాపుకుని వరండా మెట్టు మీద తనే కూర్చుంది. నా పుస్తకం తీసుకుని, జాకీ కాడ నా చేతికిచ్చింది.

నేను రైలు దిగి వెళ్ళేసరికి జనం కోసం కారుని రోడ్డు మీదికి నెట్టేశారు. అత్తయ్యని ఆ కాంక్రీటు మీదే పడుకోబెట్టారు. బంధువు ఒకాయన కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారం కడుతున్నారు. వంకర వేలు పక్కకి తిరిగిపోతోంది. దాన్ని తిన్నగా నిలబెట్టాలని ఆయన దారం ఇంకాస్త లాగారు.

"అంత బిగించకండి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఆయన ముడి విప్పి మళ్ళీ కట్టారు. ఆ రెండు వేళ్ళ మధ్య దారం వదులుగా, కొంచెం వేలాడుతూ ఉంది.