వల వేయని రోజులు

మధ్యాహ్నం భోజనాల వేళ ఒకమ్మాయి స్టీలు డబ్బా మూత తీసింది. నెత్తళ్ల చేపల వేపుడు వాసన ఏసీ గదంతా కమ్ముకుంది. ఇద్దరు ముగ్గురు ముక్కు మూసుకుని పక్క బల్లకు జరిగారు. నాకు మాత్రం సుగుణమ్మ గారు గుర్తొచ్చి, పొద్దుటి నుంచి అణచుకున్న కోపం మళ్లీ పైకి లేచింది. పరిశోధన సమాచారాన్ని భద్రపరిచే ఉద్యోగులకు నెల్లూరులో జరుగుతున్న శిక్షణ అది. వాళ్లను ఇప్పుడు డేటా స్టీవార్డ్‌లు అంటున్నారు. ఈ పనిలో పాత మనిషినని నన్నూ పిలిచారు. పది గంటల తరగతిని పదకొండు దాటాక మొదలుపెట్టిన శిక్షకుడు, ఖాళీ గడులుంటే సాఫ్ట్‌వేర్ తీసుకోదు కాబట్టి సున్నా పెట్టేయమన్నాడు. అందరూ బుద్ధిగా రాసుకున్నారు.

సుగుణమ్మ గారు మా చేపల పరిశోధన కేంద్రంలో నా పై అధికారిణి. జువ్వలదిన్నె పడవలకు ఏ చేప ఎంత పడిందో నమోదు చేయడం మా పని. నేను చేరిన వారమే నన్ను ఒడ్డుకు తీసుకెళ్లారు. తూకం రాయడం ఎవరైనా నేర్చుకుంటారని, పడవ ఖాళీగా ఎందుకొచ్చిందో అడగడం నేర్చుకోమని చెప్పేవారు. నేను మొహమాటపడి దూరంగా నిలబడితే వెనక నుంచి దెప్పేవారు.

"ఏందిమే, పెళ్లిచూపులకొచ్చినావా? పోయి అడుగు."

ఒక వానాకాలం ఆ ఊరి పోలయ్య వేటకు పోయి సముద్రంలో పడిపోయాడు. శవం దొరికేదాకా ఎవరూ పడవ దించకూడదని ఊరి పెద్దలు దురాయి వేశారు. ఆ కట్టుబాటును మీరే పడవ ఉండదు. సుగుణమ్మ గారు ఆ రోజుల గడులు ఖాళీగా వదిలి, పక్కన కారణం రాయించారు. మా కేంద్రం పెద్ద సారుకు నివేదికలో ఖాళీలు నచ్చలేదు. సున్నాలు పెట్టమన్నాడు.

"సున్నా అంటే వలేసినా చేప పడలేదని సార్. వాళ్లు వలే వెయ్యలేదు. మనిషి పోయినాడు గదా," అన్నారామె.

"మనిషి సంగతి మనకెందుకమ్మా? చేప పడిందా, లేదా?"

ఆమె పెట్టలేదు. ఆయన ఇంకొకరి చేత పెట్టించాడు, కారణాలు చెరిపించాడు. అక్కడ చేపలు తగ్గిపోతున్నాయని నివేదిక వెళ్లింది. దాంతో చేపలు నిలవుంచడానికి ఆ ఊరు అడుగుతున్న ఐసు గది వేరే ఊరికి పోయింది. ఊరి ఆడవాళ్లు సుగుణమ్మ గారిని చుట్టుముట్టి, మీ రాతలే మా నోట్లో మట్టి కొట్టాయన్నారు. రాసింది తాను కాదని ఆమె అనలేదు. నిలబడి అంతా విన్నారు.

ఒడ్డున పనిచేసేవాళ్లకు శిక్షణ ఇప్పించమని ఆమె ప్రతి ఏడూ అర్జీ పెట్టారు. ప్రతి ఏడూ ఆ శిక్షణకు పెద్ద సారే వెళ్లొచ్చాడు. సంచీలు, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాడు గానీ ఒక్కనాడూ ఆ ఇసుక తొక్కలేదు. ఆమె పదవీ విరమణ నాడు ఆయనే శాలువా కప్పి పొగిడాడు. ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. నా కోపం పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

భోజనాలయ్యాక లేచి ఇదంతా చెప్పాను. శిక్షకుడు మర్యాదగా విని, "మంచి అనుభవం మేడమ్, కానీ టైము లేదు," అని తెర మీద తరువాతి పేజీకి వెళ్లాడు. ఇంత పెద్ద గది, ఇంతమంది రోజంతా కూర్చోవడం, ఆ తప్పునే మళ్లీ నేర్పడానికా? ఆ రోజుల్లో ఎవరూ నేర్పలేదని మండిపడ్డదాన్ని, నేర్పుతుంటే చూసి ఇంకా మండిపడ్డాను.

సాయంత్రం నాకూ ఒక శాలువా కప్పారు. మెట్ల దగ్గర ఆ డబ్బా అమ్మాయి నా కోసం ఆగి ఉంది. పేరు మస్తానమ్మ. తోటపల్లి గూడూరు రొయ్యల చెరువుల సమాచారం చూస్తుందట.

"చెరువు లెక్క రానప్పుడు నేను కూడా సున్నాలే పెడతా ఉండానమ్మా. పంట తీసి ఎండగట్టిన చెరువైనా రొయ్యలన్నీ చచ్చిపోయినాయి అనుకుంటారా?"

"అనుకుంటారు."

"ఎండగట్టినారని నాకెట్టా తెలిసేది? కాయితం మీద ఉండదే."

"రైతును అడిగినావా?"

చెరువు గట్టు మీద అందరూ మగవాళ్లే ఉంటారని, తానొక్కతే వెళ్లి ఎట్లా అడగాలని గొణిగింది.

"ఏందిమే, పెళ్లిచూపులకు పోతున్నావా?" అన్నాను.

ఆమె నవ్వింది. సోమవారం పొద్దున్నే గట్టు మీద కలుస్తానని చెప్పి, శాలువా మడిచి అక్కడి బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చాను.