వెనక సీటు కింద పల్లిపొట్టు

ఎనభైల చివర్లో మేము పెర్కిట్‌లో హైవే పక్కన ఉండేవాళ్లం. ఆర్మూర్‌లో ఒక పసుపు దుకాణంలో నేను గుమాస్తాను. పొద్దున్నే సైకిల్ మీద పోయి, సాయంత్రం బట్టల నిండా పసుపు దుమ్ముతో ఇంటికి వచ్చేవాణ్ణి. నా భార్య తమ్ముడు దుబాయిలో పనిచేసేవాడు. ఒక ఏడు దసరాకు సెలవు మీద వచ్చి, పాతదే అయినా మంచి స్థితిలో ఉన్న తెల్ల అంబాసిడర్ కారు ఒకటి కొన్నాడు. నెల రోజులు దాంట్లో తిరిగి, మాఘంలో పెండ్లిళ్ల నాటికి మళ్లీ వస్తానని కారును మా రేకుల షెడ్డులో పెట్టి పోయాడు.

"బావా, చలికాలం ఎలుకలతోని జర పైలం. చేన్లల్ల మక్క కంకులు ఇరిసినంక అవన్నీ ఇండ్లల్లకు వస్తయి. షెడ్డుల ఒక్క గింజ ఉంచకు. ఐతారం ఐతారం ఇంజన్ స్టార్ట్ చెయ్యి," అని చెప్పి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

మా ఇంట్లో ఊడ్చి, గిన్నెలు తోమే ఆమెకు అప్పటికి యాభై ఏళ్లు ఉంటాయి. మా పిల్లలు అవ్వా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చర్చి వెనక సందులో ఉండేది. షెడ్డు చూసుకోమని నా భార్య ఆమెకు చెప్పింది. ఆ పనిని ఆమె చేసినంత శ్రద్ధగా ఆ ఇంట్లో ఎవరమూ ఏ పనీ చేయలేదు. గోడ కింది బొరియల్లో గాజుపెంకులు దూర్చి మట్టితో మూసింది. సైలెన్సర్ గొట్టం మూతికి ఇనుప జాలీ ముక్క కట్టింది. ఘాటు వాసన వేసే డాంబర్ గోలీలను పాత గుడ్డలో మూటలు కట్టి బానెట్ కింద వేలాడదీయమని నాకిచ్చింది. రాత్రి బోనులో ఎండుచేప ముక్క పెట్టేది. ఎలుక పడితే పొద్దున బోనును రోడ్డు దాటించి, దూరంగా చేన్లలో వదిలి వచ్చేది. షెడ్డు తాళంచెవులు ఆమె దగ్గర ఒకటి, మా ఇంట్లో ఒకటి ఉండేవి. కారు తాళం మాత్రం నా దగ్గరే.

నాకు బండి నడపడం రాదు, స్టార్ట్ చేయడం వరకే వచ్చు. మొదటి ఆదివారం పది నిమిషాలు ఇంజను తిప్పి ఆపేశాను. దిగబోయి, ఎందుకో వెనక సీట్లోకి వెళ్లి కూర్చున్నాను. మా దుకాణం సేటు తన కారులో కాలు మీద కాలేసుకుని వెనక కూర్చునేవాడు. నేనూ అలాగే కూర్చున్నాను. అద్దం దించి మోచేయి బయట పెట్టాను. షెడ్డు గోడ తప్ప ఎదురుగా ఏమీ లేదు. అయినా ఎంత బాగుందో చెప్పలేను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. బస్టాండు దగ్గర వేయించిన పల్లికాయలు పొట్లం కట్టించుకుని వచ్చి, వెనక సీట్లో కూర్చుని తినేవాణ్ణి. పొట్టు అద్దంలోంచి కింద పడేసేవాణ్ణి. ఆ సమయానికి అవ్వ చర్చికి పోయి ఉండేది. నేను కారు తుడుస్తున్నానని నా భార్య అనుకునేది.

ఒక సోమవారం అవ్వ చీపురు పట్టుకుని గడపలో నిలబడి, "సారూ, పల్లిపొట్టు గీడ పడెయ్యకుండ్రి. ఆ వాసనకు ఎలుకలు ఉరికొస్తయి," అంది.

ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం నా ఆదివారం దర్జా అంతా ఆమె కళ్లారా చూసినట్టే అనిపించి ఒళ్లు మండింది. "నాకు జెప్పెటంతదానివా? నీ పని నువ్వు చూసుకో," అన్నాను. తినడం మాత్రం మానలేదు. ఆమె కంట పడకూడదని అప్పటినుంచి పొట్టును సీటు సందుల్లోకి, సీటు కిందికి తోయడం మొదలుపెట్టాను. సంక్రాంతి పోయాక ఆమె మరోసారి, "కారు లోపట ఎలుక వాసన వస్తున్నది సారూ, సీటు లేపి చూడుండ్రి," అంది. ఏం లేదని కొట్టిపారేశాను. సీటు లేపితే బయటపడేది పొట్టే కదా.

మాఘంలో బామ్మర్ది వచ్చాడు. మర్నాడు భీమ్‌గల్‌లో చుట్టాల పెండ్లికి అందరం కారులో పోవాలి. కారు స్టార్ట్ కాలేదు. మెకానిక్‌ను పిలిపిస్తే బానెట్ ఎత్తి, కొరికిన వైర్లు చూపించాడు. తర్వాత వెనక సీటు లేపాడు. లోపల సీటు పీచు చీల్చి కట్టుకున్న గూడు, అందులో కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు, చుట్టూ దోసెళ్ల కొద్దీ పల్లిపొట్టు. నా భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"బావా, కార్ల కూసోని పల్లికాయలు ఎవలు తిన్నరు?" అని బామ్మర్ది అడిగాడు.

నేనే అంటే అయిపోయేది. నవ్వి ఊరుకునేవాళ్లు. కానీ దుబాయి సూట్‌కేసులతో వచ్చిన ఆ పిల్లవాడి ముందు, మెకానిక్ ముందు, కదలని కారులో సేటులా కూర్చున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఊడ్చేది ఆమెనే గదా," అన్నాను.

"కారు తాళం నా దగ్గర ఉండదు గద సారూ," అంది అవ్వ.

"దులపనీకి ఇస్తుంటి గదా!"

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు, నేను మరచిపోయానేమో గుర్తుచేద్దామన్నట్టు చూసింది. "ఇస్తుంటిరా సారూ?"

"ఇస్తుంటి," అన్నాను.

బామ్మర్ది ఆమెను నానా మాటలు అన్నాడు. తిండికి లేనోళ్లకు ఇల్లు అప్పజెప్తే గిట్లనే ఉంటదన్నాడు. ఆమె నడుముకు దోపుకున్న షెడ్డు తాళం తీసి నా భార్య చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు మేము బస్సులో పెండ్లికి పోయాం.

రెండు రోజులకు నా భార్య కారు సీటు గుడ్డలు ఉతకడానికి తీసింది. లేత గోధుమ రంగు గుడ్డలవి. సబ్బు పెట్టగానే వెనక సీటు గుడ్డ మీద, మనిషి కూర్చునే మేర, ఎర్రటి మరక లేచింది. పసుపు అంటిన బట్టకు సబ్బు తగిలితే అంతే. వారం వారం నా ప్యాంట్లు ఉతికే మనిషికి అది ఎవరి మరకో చెప్పనక్కరలేదు. తడిగుడ్డ తెచ్చి నా ముందు పరిచింది. "పోయి తోల్కరా ఆమెను," అంది.

సాయంత్రం చర్చి వెనక సందుకు పోయాను. అవ్వ అప్పటికే పసుపు ఉడకబెట్టే కూలికి కుదిరి, అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నాకు స్టూలు వేసింది. తప్పు నాదేనని, పనికి రమ్మని అన్నాను.

"పని దొరికింది సారూ. పని కోసం కాదు. నలుగుర్ల అన్నరు గద, మీ బామ్మర్దికి చెప్పుండ్రి. నాకు గంతే సాలు."

చెప్తానన్నాను. బామ్మర్ది ఇంకో వారం ఉన్నాడు. ఇవాళ, రేపు అంటూ గడిపాను. వెళ్లే రోజు అతని పెట్టె నేనే మోసి బస్సెక్కించాను. కిటికీ దగ్గర నిలబడి, "పైలంగ పో," అన్నాను. అంతే అన్నాను. ఆ తర్వాత చర్చి వెనక సందు వైపు పోవలసి వస్తే చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. పసుపు యార్డులో ఆడకూలీలు కనిపిస్తే తల దించుకునేవాణ్ణి.

అతను దుబాయి వదిలి పూర్తిగా వచ్చేసిన తర్వాత, తొంభైల మధ్యలో, ఒకరోజు భోజనం దగ్గర చెప్పేశాను. పల్లికాయలు తిన్నది నేనేనని, ఆమె మీద అబద్ధం చెప్పానని. అతను పగలబడి నవ్వాడు. "గా ముచ్చట ఇంక యాది పెట్టుకున్నవా బావా?" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుకుంటూ, "ఎవలామె?" అని అడిగాడు. ఆమె ఇంటి గుర్తులన్నీ చెప్పినా అతనికి ఆమె గుర్తు రాలేదు.

అవ్వ అప్పటికి ఆలూర్‌లో బిడ్డ దగ్గర ఉంటోందని తెలిసి, ఆ వారమే పోయాను. అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"చెప్పిన అవ్వా, మా బామ్మర్దికి," అన్నాను.

చాట కింద పెట్టింది. "ఏమన్నడు?"

నవ్వాడని చెప్పలేకపోయాను. నువ్వెవరో అతనికి గుర్తు లేదని అసలే చెప్పలేకపోయాను.

"తప్పయిందన్నడు," అన్నాను.

"మంచిది," అంది. నాకు మంచినీళ్లు తెమ్మని లోపలున్న బిడ్డను కేకేసింది. ఆ నీళ్లు తాగి, బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడ్డాను.